అడ్డదిడ్డంగా పెరిగే రెప్ప వెంట్రుకలకు ఎక్స్‌టెన్షన్లు: టేపా, కర్ల్ మార్చాలా, లిఫ్టా?

మాఘమాసం పెళ్లిళ్లప్పుడు చంద్రగిరి నుంచి ఒక అమ్మాయి వచ్చింది నా దగ్గరికి. కొండ మీద పెళ్లి, తెల్లవారుజామున ముహూర్తం, చేతిలో ఉన్నది పది రోజులు. పడుకోబెట్టి లైటు దగ్గరికి లాగి చూస్తే కుడి కన్ను బయటి మూలలో వెంట్రుకలు ఒకటి ముక్కు వైపుకు, దాని పక్కది చెవి వైపుకు, మూడోది కిందికి, అరిగిన చీపురు మాదిరి ఉన్నాయి. ఎడమ కన్ను మాత్రం దువ్వి పెట్టినట్టు ఉంది. "కుడి పక్కకే తిరిగి పడుకుంటావామ్మా?" అని అడిగితే "అవునక్కా, చిన్నప్పటి నుంచీ అంతే, దిండులో మొహం పెట్టేస్తాను" అంది. అంతకు ముందు వేరే చోట బాగా వంపు తిరిగిన డి కర్ల్, 14 మి.మీ. ఎక్స్‌టెన్షన్లు (సొంత వెంట్రుక మీద గ్లూతో అంటించే కృత్రిమ వెంట్రుకలు) పెట్టించుకుందట. పొడుగువి పెడితే వంకరలు కనిపించవని చెప్పారట. ఐదో రోజుకే మూడేసి వెంట్రుకలు కలిసి ముద్దలు కట్టి, కన్ను నలుపుకుంటే నొప్పి పుట్టి, చివరికి సొంత వెంట్రుకలతో సహా ఊడొచ్చాయి.

పొడుగు పెంచితే వంకర దాగుతుందన్న ఆ మాట చాలామంది నమ్ముతున్నారు, కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలు కూడా. అది తప్పు. పొడుగూ బరువూ పెరిగేకొద్దీ కింద ఉన్న సన్నటి వెంట్రుక ఇంకా పక్కకు తిరుగుతుంది, మొదట కనిపించని వంకర కూడా వారం తిరిగేసరికి బయట పడుతుంది. అందుకే ఇలాంటి రెప్పలకు ఉన్న దారులు ఏమిటి, ఏది ఎవరికి సరిపోతుంది అన్నది నేను చేసి చూసినంత వరకు రాస్తున్నాను. పని చేసే వాళ్లకూ పనికొస్తుంది, పెట్టించుకునే వాళ్లు ఏం అడగాలో తెలుసుకోవడానికీ పనికొస్తుంది.

ముందు కడిగి, ఆరబెట్టి, అప్పుడు చూడండి

వచ్చిన వాళ్లను వచ్చినట్టే పడుకోబెట్టి "అయ్యో, ఇవి చాలా మొండివి" అనేయొద్దు. మన దగ్గర తలకు నూనె పెట్టుకోని ఆడవాళ్లు తక్కువ, కాటుక లేకుండా బయటికొచ్చే వాళ్లు ఇంకా తక్కువ. ఆ నూనె, కాటుక జిడ్డు, నిన్నటి మస్కారా పొట్టు అంతా కుదుళ్ల దగ్గర చేరితే మంచి వెంట్రుకలు కూడా గుంపులు గుంపులుగా అతుక్కుని అడ్డదిడ్డంగా కనిపిస్తాయి. లాష్ షాంపూ నురగతో మెత్తటి బ్రష్ పెట్టి కడిగి, మంచి నీళ్లతో తుడిచి, చిన్న ఫ్యానుతో ఆరబెట్టి, స్పూలీతో (మస్కారా బ్రష్ లాంటిది) దువ్వండి. చాలామందికి సగం గొడవ అక్కడే తీరిపోతుంది. మిగిలిందే అసలు వంకర.

ఆ మిగిలిందాన్ని కన్ను మూసి ఒకసారి, కన్ను తెరిపించి పక్క నుంచి ఒకసారి చూడాలి. కన్ను మూసినప్పుడు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయేవి తెలుస్తాయి, పక్క నుంచి చూస్తే నేలకు వాలిపోయినవి తెలుస్తాయి. ఈ రెండూ ఒకటి కాదు, రెండింటికీ మందు ఒకటి కాదు. వాలిపోయినవి వంపు లేకుండా తిన్నగా, గట్టిగా, చీపురుపుల్లలా కిందికి చూస్తుంటాయి, వరస మాత్రం బాగానే ఉంటుంది. దాటుకునేవి ఏ దిక్కుకైనా పోతాయి. మూడో రకం వంకీలు తిరిగినవి, రింగుల జుట్టు ఉన్న వాళ్లకు కొందరికి రెప్పలు కూడా అట్లాగే ఉంటాయి. ఒకే మనిషికి మూడూ ఉండొచ్చు, లోపలి మూలలో ఒక రకం, బయటి మూలలో ఇంకో రకం.

కారణం కూడా అడగండి. ఒకే పక్కకు పడుకోవడం, కళ్లు నలుపుకునే అలవాటు, పాత ఎక్స్‌టెన్షన్లు పీకేసుకోవడం, ఇవి మామూలే. యాభై దాటిన ఒక అమ్మ వచ్చినప్పుడు మాత్రం జాగ్రత్త పడాల్సి వచ్చింది. ఒక కంటికే వెంట్రుకలు బాగా పొడుగ్గా, నల్లగా, ఎటు పడితే అటు పెరిగి ఉన్నాయి. ఆ కంట్లో గ్లాకోమా చుక్కలు వేసుకుంటున్నారు. లాటనోప్రోస్ట్, బైమాటోప్రోస్ట్ లాంటి చుక్కలు రెప్ప వెంట్రుకలను అట్లా పెంచుతాయి. ఆ గుణం చూసే బైమాటోప్రోస్ట్‌ను రెప్పలు పెరగడానికి వాడే మందుగా 2008లో అమెరికాలో అనుమతించారు. ఇలాంటి వాళ్లకు కంటి డాక్టరు సరే అనేదాకా నేను ట్వీజర్ పట్టుకోను.

టేపు పెట్టి వరసలు విడదీయడం

దాటుకునే రెప్పలకు నా మొదటి ఎంపిక ఇదే, ఇంకో ఆలోచన లేదు. పై రెప్పకు సుమారు 90 నుంచి 150 దాకా వెంట్రుకలు ఉంటాయి, అవి ఒకే గీత మీద కాకుండా ఐదారు వరసల్లో మొలుస్తాయి. పనిలో మనం వాటిని కింది, మధ్య, పై అని మూడుగా చూస్తాం. చిక్కు ఎక్కువగా వచ్చేది ఒక వరస వెంట్రుక ఇంకో వరసలోకి దూరడం వల్లే. కాబట్టి రెండు వరసలను పక్కకు తప్పిస్తే మిగిలిన వరస దానంతట అదే చక్కగా కనిపిస్తుంది.

చేసే తీరు చెప్తాను. కింది రెప్పల మీద జెల్ ప్యాడ్ పెట్టాక, అంగుళం పొడవు మైక్రోపోర్ టేపు (కాగితం లాంటి మెడికల్ టేపు) ముక్క తీసుకుని చేతి వెనక రెండు మూడుసార్లు అతికించి తీయండి, అంటు తగ్గాలి. పై వరసల వెంట్రుకల మీద దాన్ని మెల్లగా ఆనించి, వెనక్కి దొర్లించినట్టు రెప్ప చర్మం మీదికి తీసుకెళ్లి అతికించండి. ఇప్పుడు కింది వరస ఒక్కటే బయట ఉంటుంది. దాన్లో సన్నగా, పొట్టిగా, కొస సూదిలా ఉన్న పిల్ల వెంట్రుకలు కనిపిస్తాయి, వాటిని ముట్టుకోవద్దు, అవి బరువు మోయలేవు. మిగిలినవి ఒక చివర నుంచి ఇంకో చివరకు పూర్తి చేసి, టేపు విప్పి, మధ్య వరస బయటికి వదిలి మళ్లీ అతికించి, ఆఖరున పై వరస. టేపు తీసేటప్పుడు కుదురు నుంచి కొస వైపుకే తీయాలి, ఎదురు తీస్తే అప్పుడే పెట్టినవి కూడా వచ్చేస్తాయి.

టేపు వేశాక పక్కకు వంగి ఒకసారి చూడాల్సింది ఒకటుంది. రెప్ప ఎక్కువ లాగితే కన్ను కొంచెం తెరుచుకుని, కింద తెల్లగుడ్డు సన్నటి గీతలా కనిపిస్తుంది. కస్టమరుకు తెలియదు, మీకు తెలియాలి. ఆ గీత గుండా గ్లూ ఆవిరి పోతే కన్ను మండి, ఎర్రబడి, నీళ్లు కారి, ఆ నీళ్లకు గ్లూ తెల్లగా పొడిబారుతుంది. గీత కనిపిస్తే టేపు తీసి వదులుగా మళ్లీ వేయండి.

దీని నష్టం ఒక్కటే, టైము. మామూలు క్లాసిక్ సెట్టు (ఒక సొంత వెంట్రుకకు ఒకే ఎక్స్‌టెన్షన్) రెండు గంటలైతే ఇది ఇంకో అరగంట, ముప్పావుగంట ఎక్కువ పడుతుంది. నడుము నొప్పి ఉన్న వాళ్లు, దగ్గు ఉన్న వాళ్లు అంతసేపు పడుకోలేరు. కొందరు టేపు లేకుండా రెండు ట్వీజర్లతోనే విడదీసుకుంటారు, చెయ్యి తిరిగిన వాళ్లు చేయగలరు కూడా, కానీ పక్క వెంట్రుక ఎప్పుడు జారి తడి గ్లూ మీద పడుతుందో చెప్పలేం. అట్లా రెండు వెంట్రుకలు అతుక్కుంటే అవి పెరిగే వేగం వేరు కాబట్టి ఒకటి ఇంకోదాన్ని లాగుతూ ఉంటుంది. ఆ అమ్మాయికి నొప్పి వచ్చింది అందుకే. పది నిమిషాలకొకసారి ట్వీజర్ కొసతో కుదుళ్ల మధ్య దువ్వి చూసుకోండి, అప్పటికప్పుడు విడదీయొచ్చు.

టేపు వరసను సరిచేస్తుంది గానీ దిక్కును సరిచేయదు. ఎడమకు వాలిన వెంట్రుకకు ఎక్స్‌టెన్షన్‌ను పైన కాకుండా పక్క నుంచి ఆనించి, కొస నిటారుగా ఉండేటట్టు గ్లూ పట్టేదాకా రెండు సెకన్లు వదలకుండా పట్టుకోవాలి. చర్మానికి అర నుంచి ఒక మి.మీ. దూరం తప్పకుండా ఉండాలి. దిక్కు మార్చాలన్న ఆశతో మొదలును మరీ పక్కకు తిప్పితే అది వెంట్రుకకు ఆనకుండా బయటికి పొడుచుకొచ్చి రెప్పకు గుచ్చుకుంటుంది. కొంచెం మారుతుంది, పూర్తిగా మారదు, ఆ మాట కస్టమరుకు ముందే చెప్పాలి.

కర్ల్, మందం మార్చుకోవడం

వాలిపోయిన రెప్పలకు ఇది. అందరూ డి కర్ల్ అడుగుతారు, బాగా పైకి లేస్తుందని. కానీ డి కర్ల్ మొదలు నుంచే వంపు తిరుగుతుంది. నిటారు వెంట్రుక మీద పెడితే ఆనేది కాస్త మొదలు మాత్రమే, మిగతాదంతా గాల్లో ఉంటుంది. స్కేలు మీద గాజు ముక్క ఆనించినట్టు. అంత కొంచెం గ్లూ మీద ఎన్నాళ్లుంటుంది? ఎల్, ఎమ్ కర్ల్‌లకు మొదలు చదునుగా ఉండి, ఆ తర్వాతే పైకి మడుస్తుంది. ఆ చదును భాగమంతా వెంట్రుక పొడుగునా ఆనుతుంది కాబట్టి పట్టు బాగుంటుంది, కొస కూడా పైకి లేస్తుంది. కళ్ల మీద రెప్ప కమ్ముకున్నట్టు ఉండే వాళ్లకూ ఇదే బాగుంటుంది. అందం విషయానికొస్తే ఎల్ కర్ల్ మడత కాస్త కోణంగా కనిపిస్తుంది, మెత్తటి వంపు కావాలనుకునే వాళ్లకు మొదట నచ్చదు. అద్దంలో చూపించి ఒప్పించాలి, నేను రెండు వెంట్రుకలు పెట్టి లేపి కూర్చోబెట్టి చూపిస్తాను.

వంకీల రెప్పలకు మాత్రం ఎల్ పనికిరాదు. చదును మొదలు వంపు వెంట్రుక మీద ఆనదు. వాటికి సిసి (డి కంటే కాస్త తక్కువ వంపు), డి లాంటివి తీసుకుని సొంత వంపుకు దగ్గరగా ఉన్నది పక్క నుంచి అంటించాలి.

మందం లెక్క కూడా తెలుసుకోండి. 0.10, 0.15 మి.మీ. మందం ఉన్నవి పక్కపక్కన పెడితే కంటికి పెద్ద తేడా ఉండదు, కానీ ఒకే పొడవుకు 0.15 బరువు 0.10కి రెండు రెట్లకు పైనే. 0.07 పోగులు మూడు మొదలు దగ్గర కలిపి విసనకర్రలా విచ్చిన ఫ్యాన్ చేస్తే దాని బరువు ఒక 0.12 క్లాసిక్‌కు దాదాపు సమానం, కానీ మూడు కొసలు విచ్చుకుని పక్క ఖాళీలను కప్పేస్తాయి. దాటుకునే రెప్పలకు నేను ఈ ఫ్యాన్లనే ఇష్టపడతాను, ఒక కొస కాస్త వంకరైనా మిగతా రెండు దాన్ని కమ్మేస్తాయి. పొడవు సొంత వెంట్రుక కంటే రెండు, మహా అయితే మూడు మి.మీ. చాలు.

ముందు లిఫ్ట్ చేయించుకోవడం

లిఫ్ట్ అంటే రెప్పలను సిలికాన్ అచ్చు మీద అతికించి, మొదటి మందుతో వెంట్రుక లోపలి బంధాలను వదులు చేసి, రెండో మందుతో కొత్త ఆకారంలో బిగించడం. జుట్టు స్ట్రెయిటెనింగ్ తెలిసిన వాళ్లకు కొత్తేమీ కాదు. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంటుంది. వాలిపోయిన రెప్పలు లేస్తాయి, పెద్ద అచ్చు వాడితే వంకీలు కూడా సాపు అవుతాయి, దాటుకునేవి కూడా అచ్చు మీద విడివిడిగా అతికిస్తే చాలావరకు వరసకొస్తాయి.

మరి అందరికీ లిఫ్ట్ చేసి దాని మీద ఎక్స్‌టెన్షన్లు పెడితే పోలేదా అని అడుగుతారు. పెట్టే వాళ్లున్నారు, కనీసం ఒకటి రెండు రోజులు ఆగి. నాకు అంత ఇష్టం లేదు. ఒకటి, మందు తగిలిన వెంట్రుక మీద మళ్లీ బరువు. రెండు, లిఫ్ట్ చేసిన వెంట్రుక కుదురు నుంచే వంగుతుంది కాబట్టి ఎక్స్‌టెన్షన్ మొదలు ఆనే చోటు తగ్గిపోతుంది. మూడు, మూడు నాలుగు వారాలకు కొత్తగా పెరిగిన కుదురు నిటారుగా, పైభాగం వంపుగా ఉండి, ఇన్‌ఫిల్‌కు (రాలిన చోట మళ్లీ పెట్టించుకోవడానికి) వచ్చినప్పుడు పాత దిక్కు, కొత్త దిక్కు కలిసి మొదటికంటే ఎక్కువ చిక్కు అవుతుంది. మందు ఎక్కువసేపు ఉంచితే కొసలు మాడి ముడుచుకుపోతాయి, అవి రాలి కొత్తవి వచ్చేదాకా చేసేదేమీ ఉండదు.

లిఫ్ట్‌ను ఎక్స్‌టెన్షన్లకు ముందు మెట్టుగా కాకుండా వాటికి బదులుగా చూడమంటాను. యూనివర్సిటీ హాస్టల్ పిల్లలు, రోజూ బస్సులో రేణిగుంట వెళ్లొచ్చే ఉద్యోగులు, రెండు మూడు వారాలకొకసారి ఇన్‌ఫిల్‌కు రాలేని వాళ్లు, సొంత వెంట్రుకలు ఒత్తుగా ఉండి కేవలం వాలిపోయిన వాళ్లు, వీళ్లకు లిఫ్ట్ ఒక్కటే చాలు. గంటలో అయిపోతుంది, ఆ తర్వాత పెద్ద పథ్యం లేదు.

గ్లూ, మన ఊరి గాలి

ఈ గ్లూలు సయనోఅక్రిలేట్ రకం, గాలిలో తేమ తగిలితేనే గట్టిపడతాయి. గదిలో తేమ 40 నుంచి 60 శాతం, వేడి 20 నుంచి 24 డిగ్రీలు ఉంటే పని బాగా సాగుతుంది. తిరుపతిలో మే నెలలో బయట ఎండ 40 దాటుతుంది, ఏసీ బాగా పెట్టుకుంటాం, గది పొడిబారి గ్లూ ఎంతకీ పట్టదు. తడి గ్లూతో ఉన్న ఎక్స్‌టెన్షన్ వంకర వెంట్రుక లాగిన వైపుకు జారిపోతుంది. కార్తీకమాసం వానల్లో దీనికి పూర్తిగా తారుమారుగా, వెంట్రుకను చేరకముందే గ్లూ గట్టిపడి, ఆనినట్టే ఉండి మర్నాడు రాలిపోతుంది. చిన్న తేమ మీటరు ఒకటి కొని గోడకు పెట్టుకోండి. ఎండాకాలం హ్యుమిడిఫయర్, వానాకాలం ఏసీలో డ్రై మోడ్ లేదా కాస్త నిదానంగా పట్టే గ్లూ. వంకర రెప్పల మీద అర సెకనులో పట్టే గ్లూ వద్దు, దిక్కు సరిచేయడానికి టైము ఉండదు. ఒకటి రెండు సెకన్లది సరిపోతుంది. గ్లూకైనా, లిఫ్ట్ మందుకైనా ప్యాచ్ టెస్ట్ (ఒంటికి పడుతుందో లేదో కొంచెం పూసి చూడడం) ఒకటి రెండు రోజుల ముందే చేయాలి, పెళ్లి తొందర ఉన్నా సరే.

ఎవరికి ఏది

వరస బాగుండి వాలిపోయిన రెప్పలైతే ఎల్ కర్ల్, లేదా ఎక్స్‌టెన్షన్లు మానేసి లిఫ్ట్. దాటుకునేవైతే టేపు, తేలిక ఫ్యాన్లు, పక్క నుంచి అంటించడం, దీనికి బదులు లేదు. వంకీలైతే వంపుకు తగ్గ కర్ల్, అది కూడా కొద్దిగానే. నిండుగా కావాలంటే లిఫ్ట్ నయం. ఒక్క రోజు ఫోటోల కోసమే అయితే స్ట్రిప్ లాషెస్ (ఒకే పట్టీగా అంటించుకునే రెప్పలు) పెట్టుకుని రాత్రికి తీసేయండి, రెండు గంటలు పడుకుని డబ్బులు పోసే పనిలేదు.

అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి మొక్కు తీర్చుకునే వాళ్లు పెట్టించుకున్న మర్నాడే బయలుదేరొద్దు, చెమట కంట్లోకి కారి, తువ్వాలుతో తుడిచి, ఆ తుడవడంలోనే రెప్పలు పక్కకు తిరుగుతాయి. కనీసం రెండు రోజులు ఆగండి, తుడవకుండా అద్దుకోండి.

ఏ దారీ వద్దని చెప్పాల్సిన వాళ్లు కూడా ఉంటారు. వెంట్రుక కన్ను లోపలికి తిరిగి గుడ్డుకు రాసుకుంటుంటే అది కంటి డాక్టరు పని, ఎక్స్‌టెన్షన్ పెట్టి బయటికి తిప్పుతామని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి. కుదుళ్ల దగ్గర పొట్టు, ఎరుపు, దురద ఉన్నా అంతే. ముందు ఆ జబ్బు తగ్గాలి.

చంద్రగిరి అమ్మాయికి మొదటి రోజు ప్యాచ్ టెస్ట్ మాత్రమే చేసి, రోజూ రాత్రి రెప్పలు కడుక్కోమని, వెల్లకిలా పడుకోవడానికి కుడి పక్కన దిండు అడ్డం పెట్టుకోమని చెప్పి పంపాను. పెళ్లికి మూడు రోజుల ముందు టేపు వేసి మూడు వరసలుగా, 0.07 పోగుల ఫ్యాన్లు, సిసి కర్ల్, లోపల 8 నుంచి బయటికి 11 మి.మీ. దాకా పెట్టాను. కుడి మూలకే గంట పట్టింది. నలుగు రోజున నువ్వుల నూనె మొహమంతా పట్టిస్తారు కదా, ఆ నూనె గ్లూను మెత్తబెడుతుంది. అందుకే వాళ్ల అవ్వతో ఫోనులో నేనే మాట్లాడి, కనుబొమల కింద నుంచి చెంప ఎముక దాకా నూనె, సున్నిపిండి తగలకుండా చూడమన్నాను. ఆమె "సరేలేమ్మా, బుగ్గలకే పూస్తాం" అంది. పదహారో రోజున ఇన్‌ఫిల్‌కు వచ్చినప్పుడు ఎడమ కన్ను దాదాపు నిండుగానే ఉంది, కుడి మూలలో ఏడెనిమిది ఫ్యాన్లు తగ్గాయి, రెండు పక్కకు తిరిగాయి. పెళ్లయ్యాక మళ్లీ కుడి పక్కకే పడుకుంటోందట. తిరిగిన రెండూ రిమూవర్‌తో తీసి, ఆ మూలకు మళ్లీ టేపు వేసి, ఈసారి 10 మి.మీ. దాటకుండా నలభై నిమిషాల్లో ముగించాం.